జీపులో దూధ్‌సాగర్, ఆపై ఫెనీ రుచి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోవా ప్రయాణం గురించి ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో కొన్ని దాదాపు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. అడవిలో జీపు ప్రయాణాన్నీ, జీడిమామిడి పండుతో కాచే గోవా మద్యం ఫెనీని రుచి చూడడాన్నీ కలిపి అమ్ముతున్న ఒక్కరోజు ప్యాకేజీల గురించిన ఆ ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము ఆరుగురు మిత్రులం, అందరమూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం. డిసెంబరులో గోవా వెళ్ళాలనుకుంటున్నాం. పొద్దున్నే జీపులో అడవి గుండా దూధ్‌సాగర్ జలపాతానికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం సుగంధ ద్రవ్యాల తోటలో భోజనం పెట్టి, అక్కడే ఫెనీ రుచి చూపిస్తామని ట్రావెల్స్ వారు చెబుతున్నారు. మా ఉద్దానంలో పిక్క తీసుకున్నాక జీడిమామిడి పళ్ళు చెట్ల కిందే కుళ్ళిపోతాయి. ఆ పండుతోనే పేరున్న మద్యం చేస్తారంటే ఒకసారి చూడాలని కోరికగా ఉంది. ఈ ప్యాకేజీకి పెట్టే డబ్బు దండగ కాదు కదా? మాలో ఇద్దరికి షుగరు ఉంది, ఒకరికి నడుము నొప్పి.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పలాస

జవాబు: దండగేమీ కాదు. కాకపోతే మీరు ముఖ్యంగా చూడదలచుకున్నది జలపాతమా, ఫెనీ కాచే బట్టీయా అన్నది ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ రెండూ నిండుగా ఒకే నెలలో దొరకవు. దూధ్‌సాగర్ వానలతో బతికే జలపాతం. వర్షాకాలంలో జీపులను ఆపివేసి, సాధారణంగా అక్టోబరులో మళ్ళీ వదులుతారు. అప్పటి నుంచి డిసెంబరు దాకా, సుమారు 310 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దిగే ఆ ధార చూడదగినంత నిండుగా ఉంటుంది. జీడిమామిడి కాపు మాత్రం గోవాలో కూడా మనకు మల్లేనే మార్చి నుంచి మే వరకు. ఫెనీ బట్టీలు మండేదీ ఆ నెలల్లోనే. డిసెంబరులో వెళ్ళినవారికి తోటలో చల్లారిన పొయ్యి, దాని మీద ఖాళీ రాగి కుండ, పక్కన నిలబడి వివరించే గైడు, అమ్మకానికి పెట్టిన సీసాలు కనిపిస్తాయి. ఏప్రిల్‌లో వెళితే బట్టీ సెగ తగులుతుంది గానీ జలపాతం సన్నగిల్లిపోయి ఉంటుంది. పైగా అవి మీ ఊళ్ళోనూ పిక్కలు ఏరే రోజులు కనుక మీలో తోట ఉన్నవాళ్ళు కదిలే వీలుండదు. అందుచేత మీకు డిసెంబరే మేలని నా అభిప్రాయం. బట్టీని చూడలేకపోయినా, జీడిమామిడి పండును చిన్నప్పటి నుంచీ ఎరిగిన మీకు గైడు చెప్పేది మిగిలిన యాత్రికుల కన్నా సులభంగా అర్థమవుతుంది.

ఫెనీ ఎలా తయారవుతుందో ఇక్కడే కొంత చెబుతాను. సంప్రదాయ పద్ధతిలో పండును చెట్టు నుంచి కోయరు. పూర్తిగా పండి తనంతట తాను రాలినదాన్నే ఏరుతారు. పిక్కను మెలితిప్పి వేరుచేసి, పళ్ళను రాతి తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కుతారు, ఇప్పుడు చాలాచోట్ల ఆ పని యంత్రాలే చేస్తున్నాయి. తొక్కగా మిగిలిన పిప్పిని ముద్దగా చేసి పైన బరువు పెడితే మెల్లగా కారే తేట రసాన్ని ‘నీరో’ అంటారు. దానిలో మత్తు ఉండదు కనుక ఇంటిల్లిపాదీ అప్పటికప్పుడు తాగుతారు. తొక్కిన రసాన్ని మాత్రం ఈస్టు ఏమీ కలపకుండా కొద్ది రోజులు అలాగే పులియనిచ్చి, రాగి కుండలో కాచి, ఆవిరిని నీటితో చల్లార్చి దించుతారు. మొదటిసారి కాచినప్పుడు దిగేది ఉర్రాక్. అందులో ఆల్కహాలు సుమారు 15 శాతం. ఆ ఉర్రాక్‌ను పులిసిన రసంతో కలిపి రెండోసారి కాస్తే దిగేది ఫెనీ. సీసాలో అమ్మే ఫెనీలో సాధారణంగా 42 శాతం పైనే ఉంటుంది. ఉర్రాక్ నిలవ ఉండేది కాదు, ఆ కాపు నెలల్లో తాగితే తాగినట్టు. అందుకే డిసెంబరులో ఎవరైనా ‘అసలైన తాజా ఉర్రాక్’ అని పోయబోతే సందేహించండి.

జీడిమామిడిని పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. గోవాలో కొబ్బరి కల్లును కాచి తీసే కొబ్బరి ఫెనీ కూడా ఉంది. ఉద్దానం వారికి ఈ రెండు చెట్లూ ఇంటి చెట్లే కనుక, రుచి చూపించేటప్పుడు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే ముద్ర) లభించింది. అంతకు ముందూ ఆ తరువాతా చాలాకాలం అది ప్రభుత్వ లెక్కలలో వట్టి నాటు మద్యమే. 2016లో గోవా ప్రభుత్వం దానిని రాష్ట్ర వారసత్వ పానీయంగా గుర్తించింది.

ఇక జీపు సంగతి. జలపాతం భగవాన్ మహావీర్ అభయారణ్యం లోపల ఉంది. జీపులు బయలుదేరేది కులెం గ్రామం నుంచి. మన జిల్లాల మీదుగా వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ క్యాజిల్‌రాక్ దాటాక కనుమ దిగుతూ ఆ జలపాతం ముందు నుంచే వెళుతుంది, అంటే మీరు రైలులో వెళుతున్నట్లయితే కిటికీలోంచి ఒకసారి ముందే చూడవచ్చు. అక్కడ రైలు నెమ్మదిస్తే దిగి పట్టాల వెంట నడుద్దామని మాత్రం అనుకోకండి. రైల్వేవారు దాన్ని నిషేధించారు, పట్టుకుంటే కేసు పెడతారు. అడవిలోకి సొంత బండినో అద్దె బైకునో అనుమతించరు. స్థానిక జీపు యజమానుల బండ్లలోనే, వారి డ్రైవర్లతోనే వెళ్ళాలి. ఒక జీపులో ఏడుగురు ప్రయాణికులకు చోటు కనుక మీ ఆరుగురికి ఒక బండి సరిపోతుంది. ఏడో సీటుకు వేరొకరిని ఎక్కిస్తారా, ఆ సీటు డబ్బు కూడా మీరే కట్టాలా అన్నది ముందే అడగండి. అటవీశాఖ ప్రవేశ రుసుము, కెమెరా రుసుము, లైఫ్‌జాకెట్ అద్దె ప్యాకేజీ ధరలో కలిసే ఉన్నాయో లేదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. పేచీలు వచ్చేది ఎక్కువగా ఈ చిల్లర లెక్కల దగ్గరే.

దారి మట్టిబాట. మధ్యలో వాగులు దాటాలి, డిసెంబరులో ఒకటి రెండు చోట్ల నీళ్ళు బండి అడుగును తాకుతాయి. ఎండాకాలంలో వెళ్ళేవారైతే ఎర్రదుమ్ము కోసం తలపాగా చుట్టుకునేంత పొడుగున్న తువ్వాలు వెంట ఉంచుకోవాలి. జీపు జలపాతం దాకా వెళ్ళదు. దిగిన చోటు నుంచి రాళ్ళ మీద, చెట్ల వేళ్ళ మీద కొంత దూరం నడవాలి. తోలు చెప్పులు వద్దు. తడిసినా పట్టు జారని రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి. నడుము నొప్పి ఉన్న మిత్రుడిని వెనక చక్రాల మీద పడే సీటులో కూర్చోబెట్టకండి, కుదుపంతా అక్కడే తెలుస్తుంది. డ్రైవరు పక్క సీటో, దాని వెనక వరుసో ఇవ్వండి. డిస్కు జారిందని డాక్టరు చెప్పి ఉన్నట్లయితే ఆయన ఈ జీపు ఎక్కకపోవడమే క్షేమం. ఆయన ఆ పూట కులెం సమీపంలోని తాంబ్డి సుర్లాలో కదంబుల కాలం నాటి మహాదేవాలయాన్ని చూసి, మధ్యాహ్నం తోటలో మిమ్మల్ని కలుసుకోవచ్చు. అడవి నడుమ నల్లరాతితో కట్టిన చిన్న గుడి అది. ముఖలింగం శిల్పాలు చూస్తూ పెరిగిన వారికి దాని నిరాడంబరమైన పనితనం ఇంకో రకంగా నచ్చుతుంది.

ప్యాకేజీలో అన్నింటికన్నా ముందుగా పరిశీలించవలసింది వరుస: అడవి ముందు, ఫెనీ తరువాత. మీకు చూపించిన ప్యాకేజీలో వరుస సరిగ్గానే ఉంది. దాన్ని తారుమారు చేసి, దారిలో ఒక బట్టీ దగ్గర ఆపి ‘ఒక గుక్క వేసి వెళదాం’ అనేవారు ఉంటారు. ఒప్పుకోకండి. అభయారణ్యంలోకి మద్యం తీసుకెళ్ళడం నిషిద్ధం, లోపలికి వెళ్ళేముందు సంచులు తనిఖీ చేస్తారు. జలపాతం కింద మడుగు లోతుగా ఉంటుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి, రాళ్ళు నాచుపట్టి ఉంటాయి, అందుకే లైఫ్‌జాకెట్ లేనిదే నీళ్ళలోకి దిగనివ్వరు. తాగి ఉన్నవాడికి చలి తెలియదు, కాలు జారేది తెలియదు. ఈత బాగా వచ్చినవారు కూడా ఇటువంటి చోట్ల మునిగిపోతుంటారు.

రుచి చూసేటప్పుడు మొదట సీసాను ఒకసారి కుదిపి చూపించమని అడగండి. మంచి ఘాటున్న ఫెనీలో అంచున ముత్యాల్లా బుడగలు కట్టి కొన్ని క్షణాలు నిలుస్తాయి, నీళ్ళు కలిపినదానిలో వెంటనే చెదిరిపోతాయి. ఆ తరువాత ఒక చుక్క అరచేతిలో వేయించుకుని రెండు చేతులూ రుద్ది వాసన చూడండి. ఘాటు ఆరిపోయాక చేతిలో మిగిలే వాసన మీకు కొత్తది కాదు. ఏప్రిల్ ఎండలో తోటలో రాలిన పళ్ళ మీద ఈగలు ముసిరినప్పుడు వచ్చే ఆ పులిసిన తీపి వాసనే అది. చాలామంది ఉత్తరాది యాత్రికులు ఆ వాసనకే ముఖం తిప్పుకుని గ్లాసు కింద పెట్టేస్తారు. మీ సంగతి వేరు. గ్లాసును ముక్కుకు ఆనించకుండా కొంచెం ఎడంగా పట్టుకుని, నాలుక తడిసేంత మాత్రమే తీసుకుని, ఒక క్షణం నోట్లో ఉంచి మింగి, వెంటనే మంచినీళ్ళు తాగండి. పండులోని వగరు గొంతులో కాస్త పట్టుకుంటుంది. గోవావారు ఫెనీని నిమ్మ సోడాలో కలిపి, ఉప్పు వేసి, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి పడేసి తాగుతారు. ఆ పద్ధతిలో కారం, పులుపు కలిసి ఘాటును మరిపిస్తాయి కనుక ఎంత తాగామో తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. రుచి తెలుసుకోవడానికి నీళ్ళు తప్ప ఏమీ కలపకుండా చూడడమే సరైనది.

30 మిల్లీలీటర్ల ఫెనీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దాన్ని కాలేయం ఖర్చుచేయడానికి ఇంచుమించు ఒక గంట పడుతుంది. తోటవారు ఉచితంగా పోసే చిన్న గ్లాసు ఒకటి, మహా అయితే రెండు, అదీ భోజనం చేసిన తరువాతే. షుగరుకు ఇన్సులిన్ గాని, ఇన్సులిన్‌ను పెంచే గ్లైమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో మద్యం ముట్టుకుంటే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఆ లక్షణాలు మత్తును పోలి ఉంటాయి కనుక పక్కవారు కూడా పోల్చుకోలేరు. అందరికీ వర్తించే ఇంకొక విషయం ఉంది. కుదుపుల దారి అని పొద్దున్నే వాంతుల మాత్ర వేసుకునేవారు ఎందరో. ప్రోమెథజైన్ ఉన్న ఆ మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, ఆ పూటే ఫెనీ తోడైతే ఆ మత్తు రెట్టింపవుతుంది. పంటికో కడుపుకో మెట్రోనిడజోల్ వాడుతున్నవారు ఆ రోజు మద్యం జోలికి పోకూడదు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కనుక ఒక మాట. మీ ఆరుగురిలో ఎవరికైనా క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నట్లు పరీక్షలో తేలి ఉంటే, బయలుదేరే ముందు డాక్టరును అడగకుండా ఒక్క గుక్క కూడా తీసుకోవద్దు.

ప్రశ్న: మా వారికి, మరిదికి ఈ ఫెనీ యాత్ర మీద సరదాగా ఉంది. నాతోపాటు మా అత్తగారు, తొమ్మిదేళ్ళ బాబు వస్తున్నారు. మేము మద్యం ముట్టము. మాకు అందులో చూడడానికి ఏమైనా ఉంటుందా, లేక ఆ రోజు మేము బీచిలో ఉండడం మంచిదా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: బాబుకు ఆ జీపు ప్రయాణం బీచికన్నా ఎక్కువ నచ్చుతుంది, తప్పక తీసుకెళ్ళండి. పిల్లల కొలత లైఫ్‌జాకెట్ ఉందా అని కులెంలోనే అడిగి తీసుకోండి, పెద్దవారిది వదులుగా తొడిగితే నీటిలో పైకి జారిపోతుంది. జలపాతం దగ్గర కోతులు చేతిలోని తినుబండారాలు లాక్కుంటాయి కనుక బిస్కట్ పొట్లాం బయటికి తీయనివ్వవద్దు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉంటే రాళ్ళ మీది నడక కష్టమే. ఆవిడ సరాసరి తోటకు రావడం మంచిది.

తోటలో మీకు చూడవలసింది చాలానే ఉంది. మిరియాల తీగ పోకచెట్టుకు అల్లుకుని ఉండడం, వెనిలా కాయలు, జాజికాయను చుట్టుకుని ఉండే ఎర్రని జాపత్రి, ఏలకులు నేల దగ్గర కాయడం మన మైదానాల వారు సాధారణంగా చూడనివి. వంటింట్లో పోపుల డబ్బాలో చూసేవాటిని చెట్టుకు చూడడం అత్తగారికి తప్పకుండా నచ్చుతుంది. ఫెనీ పోసేటప్పుడు మీకు కోకమ్ షర్బత్ ఇమ్మని అడగండి. చింతపండుకు బదులుగా కొంకణివారు కూరల్లో వేసుకునే పుల్లని పండు అది, ఎండలో తిరిగి వచ్చినవారికి హాయిగా ఉంటుంది. గోవాలో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్ళు. బాబు నాలుకకు ‘ఒక్క చుక్క’ అంటించబోయే చనువుగల చిన్నాన్న ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు, మీ మరిదిగారికి ముందే చెప్పి ఉంచండి. తిరుగు ప్రయాణానికి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి. మీ వారు అద్దెకు తీసుకున్న కారు నడిపే ఉద్దేశంలో ఉంటే ఆ రోజు రుచి చూడడం మానుకోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

ప్రశ్న: మాకు జీపు ఉంది. అరకు వైపు కాటికి జలపాతం, బొర్రా గుహల దారులు మాకు కొట్టినపిండి. గోవాలో మాదిరిగా ఇక్కడ కూడా యాత్రికులను జీపులో అడవికి తీసుకెళ్ళి, ఇప్పసారా రుచి చూపించే ఏర్పాటు చేస్తే బాగా నడుస్తుందని మిత్రులు అంటున్నారు. ఇందులో ఇబ్బందులు ఏమిటి? ఉద్దానం పళ్ళతో ఫెనీ కాచవచ్చా?
— ఒక యువ పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: జీపు దాకా మీ ఆలోచన బాగుంది, సారా దగ్గరే అది చట్టానికి అడ్డం వస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటం తరువాత 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధంలో ఉంది. ఆ తరువాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు గానీ సారా మీద నిషేధం సడలలేదు. ఇప్పపువ్వుతో కాచినా, బెల్లం ఊటతో కాచినా, జీడిమామిడి పండుతో కాచినా లైసెన్సు లేకుండా కాచడం, అమ్మడం, ఉంచుకోవడం నేరాలే. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి గిరిజన సంఘాలచేత తయారు చేయిస్తున్నది. అటువంటి విధానం ఇక్కడ వచ్చేదాకా మీరు ఆగవలసిందే. నిబంధనలు మారినా ఉద్దానంలో కాచినదానికి ఫెనీ అని పేరు పెట్టుకోవడానికి వీలుండదు, భౌగోళిక గుర్తింపు వలన ఆ పేరు గోవాదే. ఉద్దానం పళ్ళకు వేరే దారి ఉంది. నారింజ కన్నా ఎక్కువ విటమిన్ సి ఉన్న ఆ పండుతో వగరు తీసివేసి రసం, జాము వంటివి చేసే పద్ధతుల మీద కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన కేంద్రం పనిచేసింది. తోటలున్న మీ బంధువులు ఎవరైనా ఉంటే వారికి ఆ కేంద్రం సంగతి చెప్పండి.

జీపుకు సంబంధించి రెండు విషయాలు చూసుకోండి. తెల్ల నంబరు పలక ఉన్న సొంత బండిలో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకుంటే అది పర్మిట్ ఉల్లంఘన. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా బండి తీసుకెళ్ళడం మరొక నేరం. కాటికి జలపాతానికి ఇప్పటికే స్థానిక గిరిజన యువకులు జీపులు నడుపుతున్నారు, వారి పొట్ట కొట్టకుండా వారితో కలిసి చేస్తేనే ఆ కొండ మీద మీ బండి సాగుతుంది. రుచి చూపించడానికి అక్కడ కాఫీ ఉండనే ఉంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో ఎర్రగా పండిన కాఫీ పండును యాత్రికులచేత కోయించి, గుజ్జు తీసి గింజ చూపించి, వేయించి, పొడి కొట్టి, మూడు నాలుగు రకాలుగా వేయించిన కాఫీలను పక్కపక్కన పెట్టి తాగించండి. కాఫీ పళ్ళు కోసే కాలం సుమారుగా నవంబరు నుంచి మొదలవుతుంది, అరకుకు యాత్రికులు ఎక్కువగా వచ్చేది కూడా ఆ చలికాలంలోనే. ఫెనీకీ దూధ్‌సాగర్‌కూ కుదరని రుతువుల జోడి మీకు ఇక్కడ కుదిరింది.

ప్రశ్న: గోవా నుంచి తిరిగి వచ్చేటప్పుడు రెండు ఫెనీ సీసాలు తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: విమానం వారి నిబంధన వేరు, రాష్ట్రం నిబంధన వేరు, చాలామంది మొదటిది చూసుకుని రెండోది మరిచిపోతారు. 24 నుంచి 70 శాతం మధ్య ఆల్కహాలు ఉన్న మద్యాన్ని మూత తీయని సీసాలలో మనిషికి 5 లీటర్ల వరకు చెక్‌ఇన్ సామానులో పెట్టుకోనిస్తారు. అయితే పర్మిట్ లేకుండా ఇతర రాష్ట్రాల మద్యాన్ని ఆంధ్రప్రదేశ్‌లోకి తేవడాన్ని ఎక్సైజ్ వారు నేరంగా పరిగణిస్తారు, పట్టుబడితే సీసాలతోపాటు మీ పరువూ పోతుంది. రైలులో తాగి కనబడితే రైల్వే చట్టం 145వ సెక్షన్ కింద మరో కేసు. ఎంతో ఇష్టపడి కొన్న సీసా అయితే బయలుదేరే ముందే మీ ఊరి ఎక్సైజ్ స్టేషనులో పర్మిట్ గురించి అడిగి పెట్టుకోండి. అంత శ్రమ ఎందుకనుకుంటే సీసాకు బదులుగా తోటలో ఎండబెట్టిన కోకమ్, జాజికాయ కొనుక్కుని రండి.